పూవనమును విడిచిన దినము

కోవిల్‌పట్టి యనగానే పాఠకులకు అగ్గిపెట్టెలును, 2020 లో భౌగోళిక గుర్తింపు పొందిన కడలైమిఠాయియును జ్ఞప్తికి వచ్చును. ఆ యూరి స్వామి పేరు పూవననాథుడనియు, అమ్మవారి పేరు శెణ్బగవల్లి యనియు ఎరిగినవారు సయితము ఆ పేర్లలో పూలతోట యొకటి దాగియున్నదని తలపోయరు. ఆయన పూలవనమునకు నాథుడు, ఆమె సంపెంగతీగ. మా తల్లిగారు మాత్రము ఈ సంగతిని మరచిన దినము లేదు. మా పెరటి సంపెంగపూలు పూచిన కాలమెల్ల శుక్రవారమునాడు తాటాకుబుట్టలో ఆ కోవెలకు పోవుచుండెను. అరువది సంవత్సరములకు పైగా సాగిన యా వాడుక 2024 జనవరిలో, తై నెల పుట్టిన పిమ్మట, నిలిచిపోయినది. నిలిపినవారము మేమే. అందువలననే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తల్లిగారు ఎట్టయాపురము దగ్గరి పల్లెనుండి 1955 లో కాపురమునకు వచ్చిరి. ఇంటి వెనుక అయిదు సెంట్ల పెరడు. అందులో ఒక వేపచెట్టు, కట్టెల కుప్ప, అంతే. నల్లరేగడిలో పూలు పెంచుట ఎట్టిదో ఆ ప్రాంతమువారికే తెలియును. ఆ నేల పత్తికి తల్లి. శతాబ్దమునకు పూర్వమే కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన క్షేత్రము వెలసినదనిన అందుకు ఆ నేలయే కారణము. మల్లెకు మాత్రము అది సవతితల్లి. వేసవిలో చేయి దూరునంత బీటలు వారి వేళ్లను తెంచును. వాన పడినచో నీరు దిగక బంకయై అవే వేళ్లను కుళ్లించును. కనుక ప్రతి మొక్కకును మోకాలిలోతు గుంట త్రవ్వి, అడుగున గులకరాళ్లు పరచి, పైన ఎఱ్ఱమట్టియు ఇసుకయు పేడయెరువును కలిపి నింపి, చుట్టును గట్టు వేయవలెను. మా తండ్రిగారు నూలుమిల్లులో పనివారు. జీతమందిన వారమున ఒక బండెడు ఎఱ్ఱమట్టి తోలించుట వారి యలవాటు. "అందరి మొగుళ్లు బంగారం తెస్తే మీ నాయన నాకు మట్టి తెచ్చినాడు" అని మా తల్లిగారు నవ్వుచుండెడివారు. ఆ మాటలో నిష్ఠూరము లేదని మాకు పెద్దయిన తరువాతనే తెలిసినది.

ఇక నీటి సంగతి. కోవిల్‌పట్టి నీటికరవు పేరుమోసినది. తామ్రపర్ణి యొడ్డున నున్న సీవలప్పేరి నుండి గొట్టములలో నీరు రావలెను. కొళాయి ఎన్నడు వచ్చునో తెలియక బిందెలు వరుసగా పెట్టి జాగరణ చేసిన రాత్రులు పాఠకులలో పలువురకు అనుభవమే. అట్టి యూరిలో మా తల్లిగారు తోటకు మంచినీటి చుక్క వాడినది అరుదు. బియ్యము కడిగిన నీరు తులసికి, స్నానపు నీరు కనకాంబరములకు, బట్టలు జాడించిన నీరు గన్నేరునకు, పాత్రలు తొలిచిన నీరు సంపెంగకు. మేము విరుదునగరములో ఒక పప్పుల మండీయందు ముప్పదియారు సంవత్సరములు లెక్కలు వ్రాసితిమి. అంత తప్పులేని పద్దు మేము వ్రాసి యెరుగము.

నవంబరు నెలాఖరున మల్లెపొదలకు నీరు కట్టివేసి, కొమ్మలు కత్తిరించి, ఆకు రాల్చవలెను. అట్లు చేసిననేగాని మార్చిలో మొగ్గ రాదు. ఆ పని మా తల్లిగారు ఎవరికిని అప్పగింపరు. కత్తిరించిన మల్లెపొదను చూచినవారికి అది చచ్చినదనియే తోచును. మా ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు ఆ మొద్దులను చూచి, ఎండిపోయినవని పెరికివేయబోయి చీవాట్లు తిన్నది.

తోట వలన మాకు కలిగిన మరియొక మేలు కలదు. వీధిలో అది నందియావట్టై, పెరటిలో నందివర్ధనము. వీధిలో సెంబరుత్తి, పెరటిలో మందారము. అరళి గన్నేరగును, పవళమల్లి పారిజాతమగును, మరిక్కొళుందు దవనమగును. గడప దాటి పెరటిలో కాలు పెట్టిన క్షణమున మా నాలుక మారుచుండెను. మా తల్లిగారికి తెలుగు అక్షరములు రావు, సంతకము తమిళముననే. మాకు మా తాతగారు పెద్దబాలశిక్ష చేతికిచ్చి నేర్పిరి. మా కుమారునకు మాట వచ్చును, అక్షరము రాదు. మనుమరాలికి మాటయును సగమే. ఆ సగములో పెద్దపాలు పూలపేర్లే యని చెప్పుటకు మేము సిగ్గుపడము.

మేము సెలవులకు పోయినప్పుడెల్ల మా తల్లిగారికి ఆముక్తమాల్యద కథ చెప్పుచుండెడివారము. శ్రీవిల్లిపుత్తూరు మా విరుదునగరము జిల్లాలోనిదే. దేశమేలిన రాయలవారు తులసివనమును పెంచి పూలమాలలు కట్టుకొనెడి విష్ణుచిత్తుని తీసుకొని కావ్యము నడపుట, దానికి విష్ణుచిత్తీయమను పేరును కలుగుట, దక్షిణదేశపు తెలుగువారమైన మనకు గర్వకారణమని మా భావము. మా తల్లిగారికి ఆ గర్వము పట్టలేదు. స్వామి యాజ్ఞపై విష్ణుచిత్తుడు మధురకు, పాండ్యుని సభకు, బయలుదేరిన ఘట్టమున వారు మమ్ము ఆపి, "ఆయన పోతే చెట్లకు నీళ్లెవరు పోసినారు?" అని అడిగిరి. మావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. విష్ణుచిత్తుడు సభ గెలిచి తన యూరికి తిరిగివచ్చెను గనుక ఆ ప్రశ్న యెవరికిని తట్టియుండదు.

2023 డిసెంబరు 17, 18 తేదీల వాన మన జిల్లాలవారు మరచునది కాదు. కాయల్‌పట్టణమున ఒక్క దినమునకు 90 సెంటిమీటర్లకు మించి కురిసినది. కోవిల్‌పట్టిలో మా ఇంటి వెనుకగోడ ఆ రాత్రి కూలినది. మా తల్లిగారు వంటగదిలో బల్లపై కూర్చుండి తెల్లవార్చిరి. వారికి అప్పుడు 86 సంవత్సరములు. తండ్రిగారు పోయినది మొదలు వారు ఒంటరిగనే యుండిరి. నీరు తీసిన పిమ్మట చూడగా మల్లెపొదలు పదునాలుగింట పదమూడు కుళ్లియున్నవి. గోడ కట్టించుట కంటె ఇల్లు అమ్మి అమ్మను తీసుకొనిపోవుటయే మేలని మేమును మా తమ్ముడును నిశ్చయించితిమి. "గోడ పడిపోతే చెట్లేం చేసినాయి నాయనా?" అని వారనిరి. ఆ మాటను మేము విననట్లే యుంటిమి.

కొన్నవారు అచ్చట దుకాణములు కట్టుదురు. ఈ సంగతి మాకు మొదటనే తెలియును. మేము గుమస్తాలము, కాగితము చదువుటలో మా కన్ను తప్పదు. హద్దులు, అడుగులు, బావి, కొళాయి యన్నియు దస్తావేజులో కలవు. సంపెంగచెట్టు లేదు. దానిని చేర్చుమని మేము అడుగలేదు. అడిగినచో ధర తగ్గింతురేమోయని వెరచితిమి. తల్లిగారితో మాత్రము, చెట్టును కొట్టరట యని చెప్పితిమి. వారు మా ముఖము చూచి, "సరే" యనిరి.

బయలుదేరు దినమున వీధిలోని స్త్రీలందరును వచ్చిరి. ఒకరికి కనకాంబరము విత్తులు, ఒకరికి జాజి కొమ్మ, ఒకరికి మరువము దుబ్బు. ఇచ్చునప్పుడెల్ల, మీ ఇంట కొళాయి ఎన్ని దినములకు వచ్చునని యడిగి, దానినిబట్టి మొక్కను మార్చి యిచ్చిరి. ఎదురింటి పెద్దాయన ఓదార్పుగా ఇడైసెవల్ కి. రాజనారాయణన్‌గారి మాట యెత్తిరి. తెలుగు కుటుంబముల వలసను గోపల్లగ్రామమను నవలగా 1976 లో తమిళమున వెలయించిన యా రచయిత కడపటి దినములు పుదుచ్చేరిలో గడిపి, 2021 మే నెలలో అచ్చటనే కన్నుమూసిరి గదా, ఎక్కడనున్ననేమి యని వారి తాత్పర్యము. "ఆయన్ను కడకు ఇడైసెవల్‌కే తెచ్చినారు కదా" అని మా తల్లిగారు బదులు చెప్పి, జాజి కొమ్మకు తడిగుడ్డ చుట్టుటలో మునిగిరి.

వ్యానులో పదునొకండు నూనెడబ్బాలు ఎక్కినవి. మిగిలిన మల్లె, దాని కత్తిరింపు కొమ్మలు, తులసి, నందివర్ధనము, ఇంకను కొన్ని. అందొక దానిలో జానెడు సంపెంగమొలక. సంపెంగవిత్తు నిలువయుండదు, పైనున్న ఎఱ్ఱని పొర కడిగి వెంటనే నాటవలెను. ఏటేట అట్లు మొలకలు పోసి పెండ్లిండ్లకు ఈవులుగా పంపుట వారి వాడుక. కోవిల్‌పట్టి నుండి విరుదునగరమునకు సుమారు 50 కిలోమీటర్లే. సాత్తూరు దాటువరకు మా తల్లిగారు వెనుకకు చూడలేదు, మాతో మాటాడనులేదు. సాత్తూరులో మేము కారాసేవు పొట్లము కొని యిచ్చితిమి. ఒడిలో పెట్టుకొనిరి.

మా ఇల్లు మేడమీద రెండు గదులు. పైన ఎండ కాయు డాబా. మొదటి వేసవిలో నాలుగు డబ్బాలు పోయినవి, ఏడు నిలిచినవి. శుక్రవారమునాడు మేము అంగటినుండి మదురమల్లె రెండు మూరలు తెత్తుము. వారు తీసుకొని దేవునికి పెట్టుదురు. ఒక్కనాడును బాగున్నదని గాని లేదని గాని అనలేదు.

చిత్తిరై నెలలో విద్యుత్తు ఖాతా మార్పించుటకై మేము కోవిల్‌పట్టికి పోతిమి. పెరడు చదునైయున్నది. సాయంకాలము ఇల్లు చేరి భోజనమునకు కూర్చుంటిమి. మా తల్లిగారు మజ్జిగ పోయుచు, "కొట్టేసినారా?" అని యడిగిరి.

"అవునమ్మా."

"మంచి చెక్క. ఎవరైనా తలుపు చేసుకొంటారు" అనిరి. మరికొంతసేపటికి, "కొడతారని నాకు ఆ దినమే తెలుసు నాయనా. నువ్వు చెప్పినప్పుడు నీ మొగం చూసినా" అనిరి. మేము తల యెత్తలేక అన్నము కలుపుకొనుచుంటిమి. అప్పటినుండి ఇప్పటిదాక ఆ మాట మరల మాయింట రాలేదు.

గత సెలవులలో మద్రాసునుండి మనుమరాలు వచ్చి, డబ్బాలకు కాగితములు అంటించి పేర్లు వ్రాసినది. తెలుగు పేర్లే, తమిళపు అక్షరములలో. నందివర్ధనమును నందివర్తనమని చదివిన అవ్వ దిద్దగా, తమిళమున ఆ అక్షరము లేదని పిల్ల వాదించినది. మేము మధ్యలోపోయి, తెలుగులో ధ అను అక్షరము ఎట్లుండునో సుద్దముక్కతో డాబానేలపై వ్రాసి చూపితిమి. పిల్ల దానిని పదిసారులు దిద్దినది. మా తల్లిగారును వంగి కొంతసేపు చూచిరి. తరువాత బియ్యము కడిగిన నీరు చెంబుతో తెచ్చి, అక్షరము చెడకుండ ప్రక్కగా నడచి, తులసికి పోసిరి.