కంట్రోల్ జెడ్, మా అయ్య అర్జీ



ఈసారి గోడపత్రికకు కంప్యూటర్ గురించి రాయమని సార్ చెప్పారు. నాకు అంతా రాదు. నాకు అక్కరకొచ్చినవే రాస్తున్నాను.

మాది అడవి లోపలి ఊరు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మా తమ్ముడి పేరు రేషన్ కార్డులో ఎక్కలేదు. అర్జీ టైపు చేయించడానికి అయ్య మండలానికి పోయాడు. ఆ రోజు కూలి పోయింది, డబ్బులూ పోయాయి. తీరా చూస్తే తమ్ముడి పేరు తప్పు కొట్టారు. అయ్యకు చదవడం రాదు కదా, తెలియలేదు. ఆఫీసులో తిప్పి పంపారు.

"నేనే కొడతా, ఆదివారం రా అయ్యా" అన్నాను. సార్ ఒప్పుకున్నారు.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. విండోస్ గుర్తున్న బటన్ పట్టుకొని స్పేస్ నొక్కితే ఇంగ్లీషు పోయి తెలుగు వస్తుంది. అయితే కంప్యూటర్లో తెలుగు ముందే పెట్టి ఉండాలి. మా కీబోర్డులో 'క' అక్షరం కె మీదే ఉంటుంది, 'ర' మాత్రం జె మీద ఉంటుంది. వెతుక్కుంటూ గంటన్నర కొట్టాను. చివరి లైనులో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఏమీ లేదు. ఒక్కసారి కూడా సేవ్ చెయ్యలేదు నేను. ఏడుపొచ్చింది. అయ్యకు బస్సు మూడింటికే.

సార్ తిట్టలేదు. "కంట్రోల్ పట్టుకొని ఎస్ నొక్కు. లైనుకోసారి నొక్కు" అన్నారు. మళ్ళీ మొదలుపెట్టాను.

అంతా అయ్యాక అక్షరాలు పెద్దవి చేద్దామని కంట్రోల్ ఎ నొక్కాను. అది నొక్కితే మొత్తం ఎంపిక అవుతుంది. ఇంతలో చెయ్యి తగిలి స్పేస్ పడింది. కాగితం మొత్తం తెల్లగా అయిపోయింది! ఆ కంగారులో కంట్రోల్ ఎస్ కూడా నొక్కేశాను. పక్కనున్న పదో తరగతి అక్క "ఏమీ ముట్టుకోకు, ఫైలు మూయకు" అని కంట్రోల్ జెడ్ నొక్కింది. అంతా తిరిగొచ్చింది! ఫైలు మూసేసి ఉంటే జెడ్ పని చెయ్యదంట.

అయ్య వచ్చి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. "ఇందులో నా పేరు ఏడుంది?" అన్నాడు. కంట్రోల్ ఎఫ్ నొక్కి అయ్య పేరు కొట్టాను. రెండు చోట్ల పసుపు రంగు పడింది. అయ్య వంగి చూశాడు. "తమ్ముడిది?" అన్నాడు. అదీ చూపించాను. ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవమన్నాడు. చదివాను. కంట్రోల్ పి నొక్కి కాగితం తీశాం. కింద అయ్య వేలిముద్ర వేశాడు. బస్సు అందింది.

పేరు ఇంకా ఎక్కలేదు. కానీ ఈసారి అర్జీ తీసుకున్నారు, తిప్పి పంపలేదు. సెలవుల్లో అయ్యకు సంతకం నేర్పిస్తాను.

నేస్తాలూ, ఇవి గుర్తుపెట్టుకోండి:

కంట్రోల్ ఎస్ – దాచడానికి. కరెంటును నమ్మొద్దు.
కంట్రోల్ జెడ్ – పొరపాటు వెనక్కి తీసుకోవడానికి.
కంట్రోల్ సి, కంట్రోల్ వి – ఒకచోటిది ఇంకోచోట కూడా పెట్టడానికి.
కంట్రోల్ ఎఫ్ – మాట వెతకడానికి.
ఆల్ట్ పట్టుకొని ట్యాబ్ – తెరిచిన ఒక దాని నుంచి ఇంకోదానికి పోవడానికి.

మౌస్ పని చెయ్యకపోయినా ఇవి పని చేస్తాయి. తప్పులుంటే మన్నించండి.

ఇట్లు
మీ నేస్తం, 9వ తరగతి