మనవాళ్ళ ఇల్లు ఏది?

మా ఇంట ఒక మాట తరతరాలుగా వినవస్తోంది: మా పూర్వీకులు కొండవీటి కోటలో అశ్వదళ జమేదారులట. మా తండ్రిగారి నోట విన్నాను, నా పిల్లలకు వినిపించాను. సనదుగానీ, మరే కాగితంగానీ మా వద్ద లేదు. అయినా నిరుడు మా చిన్నమ్మాయికి వచ్చిన ఒక సంబంధాన్ని ఆ మాటను పట్టుకొనే తిప్పిపంపాను. అబ్బాయి చదువుకున్నవాడు, ఐదు పూటలా నమాజు తప్పనివాడు. వారు దూదేకులవారు కావడమొక్కటే నా అభ్యంతరం. మా ఇంట పరుపులన్నీ వారి చేతి దూదివే అన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

శీతాకాలంలో ఒక ఆదివారం, పదేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకొని నరసరావుపేట నుండి కొండవీడు వెళ్ళాను. ఘాట్ రోడ్డు పడ్డాక నావంటి మోకాళ్ళ నొప్పులవారికి కూడా కొండ సుగమమైంది. పైన కోటగోడలు కొండ అంచుల వెంట కొంతదూరం సాగి పొదలలో మాయమవుతాయి.

“దాదా, మనవాళ్ళ ఇల్లు ఏది?” అని అడిగాడు వాడు.

నేను చరిత్ర అందుకున్నాను. ప్రోలయ వేమారెడ్డి కాలంలో రాజధాని అద్దంకి. అనవోతారెడ్డి దానిని ఇక్కడికి మార్చాడు. రెడ్ల తరువాత చేతులు మారుతూ, 1515లో గజపతుల నుండి శ్రీకృష్ణదేవరాయల వశమైంది. 16వ శతాబ్దం చివర గోల్కొండ కుతుబ్‌షాహీలు గెలిచి ముర్తజానగర్ అని పేరు పెట్టారు. తరువాత ఫ్రెంచివారు, ఆంగ్లేయులు. ఇంత చెప్పినా వాడు అడిగినదానికి అది సమాధానం కాలేదు.

గుర్రాల మాట కూడా చెప్పబోయాను. ఇక్కడ విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు తన ‘హరవిలాసము’ను అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చాడు. కుమారగిరిరెడ్డికి దూరదేశాల సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తక కుటుంబం అది. హుర్ముజు గుర్రాలు కూడా అటువంటి వర్తకుల ఓడలలోనే ఈ తీరానికి దిగేవి. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. గుర్రం దిగాక గడ్డి కోసేవాడు కావాలి, నీళ్ళు మోసేవాడు కావాలి, లద్దె ఎత్తేవాడు కావాలి. మా పెద్దలు ఇక్కడ ఉన్నమాటే నిజమైతే, జమేదారులే అయి ఉండాలా?

“తెలియదు నాన్నా” అన్నాను. వాడు నిరాశపడలేదు, చెరువులోకి రాళ్ళు విసరడానికి పరుగెత్తాడు. కొండమీద మూడు చెరువులున్నాయి. కోట కూలినా వాటిలో నీరు నిలుస్తూనే ఉంది. తవ్వినవారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. అక్కడే వుజూ చేసి ఇద్దరమూ జుహర్ నమాజు చేశాము. అల్ హుజురాత్ సూరా 13వ ఆయతును నేను ఏటా మద్రసాలో బోధిస్తాను. వంశం గొప్ప ఎందుకు పనికిరాదో పిల్లలచేత వల్లె వేయిస్తాను కూడా. ఆ మధ్యాహ్నం సజ్దాలో నుదురు ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రాత్రి ఆ అబ్బాయి తండ్రికి ఫోను చేశాను. సలాము తరువాత ఏమనాలో తోచక, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉన్నారు. నిఖా మరోచోట కుదిరిందని, వచ్చే నెలలోనేనని చెప్పారు. వలీమాకు ఇంటిల్లిపాదీ తప్పక రావాలని, మనవణ్ణి కూడా తీసుకురమ్మని మరీమరీ అన్నారు.