గం న లాగెర్

హైదరాబాద్‌లోని బాలాపూర్‌లో నేను చేసిన మొదటి పెద్ద తప్పు ఒక కాగితంతో మొదలైంది. కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 పత్రం అది, తొమ్మిది ప్రశ్నలు. నా దగ్గర ఉర్దూ ప్రతి ఉంది. నాకు హైదరాబాదీ ఉర్దూ వచ్చు కానీ, ఎదురుగా కూర్చున్న, నేను ఖాలా (పిన్ని) అని పిలిచే ఆమెకు అంతంతమాత్రం. పక్క గుడిసెలోని పన్నెండేళ్ల కుర్రాడు అటూ ఇటూ మాట చేరవేస్తున్నాడు. చివరి ప్రశ్న చనిపోవాలనిపిస్తోందా అన్నది. వాడు అడిగేశాడు. ఆమె వాడి ముఖం చూసింది, నా ముఖం చూసింది, కొంగు సర్దుకుని పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది. పసివాడి నోట ఆ మాట పలికించానే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను కౌన్సెలర్ని. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున రాయల్ కాలనీ చుట్టుపక్కల రొహింగ్యా బస్తీల్లో తిరుగుతాను. ఖాళీ స్థలాలకు అద్దె కట్టి, వెదురుబొంగులతో, టార్పాలిన్లతో వేసుకున్న గుడిసెలవి. మయన్మార్‌లోని రఖైన్ నుంచి 2012 అల్లర్ల తర్వాత వచ్చినవాళ్లున్నారు, 2017 ఆగస్టులో ఊళ్లు తగలబడ్డాక వచ్చినవాళ్లున్నారు. 1982 నాటి పౌరసత్వ చట్టం వాళ్లను పుట్టిన గడ్డ మీదే పరాయివాళ్లను చేసింది. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు. వాళ్ల చేతిలో ఉన్నదల్లా ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు.

ఆ కార్డు చూపిస్తే ఓపీ చీటీ రాసే కౌంటర్లో మొదట వచ్చే ప్రశ్న, "ఆధార్ ఏది?" ఒక ఆసుపత్రి నుంచి మమ్మల్ని రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రతి తీసుకెళ్లాను. దాని 18వ సెక్షన్ 'ప్రతి వ్యక్తికీ' చికిత్స పొందే హక్కు ఉందంటుంది. పౌరుడు అనదు, వ్యక్తి అంటుంది. పేదవాడికి రేషన్ కార్డులాంటిది లేకపోయినా ప్రభుత్వ సంస్థల్లో ఉచితంగా వైద్యం చేయాలనీ అందులోనే ఉంది. ఆ రోజు చీటీ రాశారు. అప్పటినుంచి ఆ చట్టం ప్రతి ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది.

చీటీ దొరికినా లోపల భాష దొరకదు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులో, ఉర్దూలో మాట్లాడతారు. రొహింగ్యా ఉండదు. ఆ భాషకు 1980ల్లో తయారైన హనీఫీ లిపి ఉంది కానీ, నేను కలిసిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ లిపీ రాదు. కరపత్రం వేసి ఏం లాభం? పైగా 'మానసికం' అన్నానంటే పిచ్చి అనే అర్థం చేసుకుంటారు. తల మంట, గుండెలో బరువు, ఒళ్లంతా నొప్పులు అని ఆరెంపీ దగ్గరకు వెళ్లి, కూలి డబ్బులు పెట్టి సెలైన్ ఎక్కించుకుని వస్తారు.

కాగితాలు పక్కనపెట్టి వినడం మొదలుపెట్టాక నాకు దారి దొరికింది. 'గం న లాగెర్' అంటారు, బాగనిపించడం లేదని. 'చింతా' అంటారు. ఒకసారి ఒకామె ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని 'అశాంతి' అంది. నా ఒళ్లు జలదరించింది. బంగాళాఖాతం అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఆమె బాధకూ, మా అమ్మ నోట విన్న బాధకూ పేరు ఒకటే. జబ్బు పేర్లన్నీ మానేసి ఆ మాట దగ్గర కూర్చున్నాను.

ఆ తర్వాత బస్తీలోని ఐదుగురు ఆడవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 'ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్' నేర్పించాం. డాక్టర్లు కానివాళ్లు నేర్చుకుని చేయగల పద్ధతి అది. వారానికి ఒకసారి, గంటన్నర చొప్పున ఐదుసార్లు కూర్చోవాలి. పుస్తకం చదవలేరు కాబట్టి పాఠాలన్నీ వాళ్ల భాషలోనే ఫోన్లో రికార్డు చేసుకున్నారు. నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పడానికి నేను తంటాలు పడుతుంటే, ఒకామె "వేడి చాయ్ ఊదినట్టు" అనేసింది. ఇప్పుడు అందరూ అలాగే చెబుతారు.

ప్రతి శనివారం వాళ్లతో కూర్చుంటాను. వినేవాళ్ల గుండె కూడా బరువెక్కుతుంది. "బాజీ, ఆమె చెప్పిందంతా నా కథే," అని ఒక శనివారం ఒకామె నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఇలా కూర్చునే సమయానికి కూడా వాళ్లకు జీతం లెక్క కట్టాలని మా సంస్థతో గట్టిగా పోట్లాడాను, ఇంకా పోట్లాడతాను.

పట్టుకుని తీసుకుపోతారన్న వదంతి వస్తే బస్తీ అంతా రాత్రి మేలుకునే ఉంటుంది. అప్పుడు ఊపిరి పాఠం చెప్పబోను. భయపడాల్సినదానికే వాళ్లు భయపడుతున్నారు. వకీలు నంబరు ఇస్తాను, కార్డు గడువు ఎప్పటిదాకా ఉందో చూస్తాను, పొద్దుపోయేదాకా అక్కడే కూర్చుంటాను.

ఆ ఖాలా రెండేళ్లు నాతో మాట్లాడలేదు. మొన్నటి చలికాలంలో మా ఐదుగురిలో ఒకామె ఆమె పక్కన చేరి, చేట అందుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ, రాత్రిళ్లు ఈ లోకం వద్దనిపిస్తుందా అని అడిగింది. పిల్లలెవరూ దగ్గర లేరు. నేను బయట గోనెపట్టా మీద కూర్చున్నాను. అన్ని మాటలూ అర్థం కాలేదు. చింతా, అశాంతి మాత్రం మళ్లీ మళ్లీ వినిపించాయి. బియ్యం ఏరడం అయిపోయాక కూడా ఖాలా మాట్లాడుతూనే ఉంది.

ఆ తర్వాతి సోమవారం ముగ్గురం ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. ఖాలా కార్డు పట్టుకుంది, నేను చట్టం ప్రతి పట్టుకున్నాను.