కొల్లేరు ఎక్కడత్తయ్యా?

ఏలూరులో కాపురం, కొల్లేటి లంకలో పుట్టిల్లు. ఈ రెండూ ఉన్న ఆడదానికి జీతంలేని ఉద్యోగం ఒకటి తప్పదు. చలికాలం వచ్చిందంటే చాలు, కొల్లేరు చూడవచ్చే చుట్టాలందరికీ నేనే గైడుని. జీతం మాట దేవుడెరుగు, పులిహోర కూడా నాదే!

మొన్న సంక్రాంతికి తాడేపల్లిగూడెం నుంచి మా వదినగారూ, అన్నయ్యగారూ, అమెరికా నుంచి వచ్చిన వాళ్ళబ్బాయీ దిగారు. అబ్బాయి చేతిలో పొడుగాటి గొట్టం. గొడుగేమో అనుకున్నాను. కాదట, గాలమట! దానికి వానపామునీ పిండిముద్దనీ గుచ్చరట. ఈకలూ దారమూ చుట్టి చేసిన ఈగ బొమ్మని నీళ్ళమీద వాలేటట్టు విసురుతారట. చేప నిజం ఈగే అనుకుని మింగుతుందట. అది నేర్పడానికి అక్కడ డబ్బిచ్చి మరీ గైడుని పెట్టుకుంటారట! నేను మావారి వంక చూశాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

కారు కైకలూరు రోడ్డెక్కింది. ఇక మొదలు. "కొల్లేరు ఎక్కడత్తయ్యా?" ఇటు చేపల చెరువు, అటు చేపల చెరువు, మధ్యన గట్లు. "ఇదేరా" అంటే నమ్మడు. "ఇవి చెరువులు కదా, సరస్సేదీ?" అంటాడు. వంతెన దగ్గర గుర్రపుడెక్క చూపించాను. "ఇది పచ్చగడ్డి కదా" అన్నాడు.

ఆటపాకలో పడవెక్కాం. ఇనప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి.

"పాపం, సైబీరియా నుంచి ఎంతదూరం వచ్చాయో!" అన్నారు వదినగారు.

"వలస పక్షులు వేరే ఉన్నాయండీ. ఇవి మన దేశపువే" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. అంతదూరం నుంచి రాని పక్షికి టిక్కెట్టెందుకు కొన్నట్టు? అన్నయ్యగారు పులిహోర పొట్లం విప్పారు. అబ్బాయి గొట్టం విప్పాడు. "అయ్యబాబోయ్, అభయారణ్యమండీ! ఇక్కడ గాలం వెయ్యకూడదు" అన్నాడు పడవ నడిపే కుర్రాడు. ఆ కోపమూ నామీదే.

వాడి ముచ్చట కాదనలేక, తిరిగొచ్చాక ఏలూరు కాలవగట్టున దింపాను. మొదటి విసురుకి ఈగ తుమ్మకొమ్మ మీద వాలింది. రెండో విసురుకి వెనక నుంచున్న వదినగారి వెంకటగిరి చీర మీద వాలింది. "పక్కకి తప్పుకోమని నువ్వైనా చెప్పద్దూ!" అని నాకే చివాట్లు. గైడంటే అంతే మరి. ఆ పక్కనే ఓ పిల్లాడు వెదురుకర్రకి కట్టిన గాలంతో చక్కా జెల్లని లాగాడు.

నేను చీర విడిపిస్తూంటే అబ్బాయి మళ్ళీ అడిగాడు. ఈసారి చెప్పక తప్పలేదు. నా చిన్నప్పుడు పెద్దింట్లమ్మ జాతరకి పడవ మీద వెళ్తూంటే కొల్లేటికోట చుట్టూ నీళ్ళే. బుడమేరూ, తమ్మిలేరూ తెచ్చిన వరద అందులో ఆగి, ఉప్పుటేరు వెంట నెమ్మదిగా సముద్రంలోకి పోయేది. తరవాత చేపల చెరువులొచ్చాయి. మా నాన్నా ఒకటి తవ్వించారు. 1999లో అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చెరువుల గట్లు కొట్టించారు. మా చెరువూ పోయింది. ఆవేళ అమ్మ అన్నం ముట్టలేదు. నేను కనబడ్డ వాళ్ళనల్లా తిట్టాను.

"మరి తప్పెవరిదత్తయ్యా? గట్లు కొట్టినవాళ్ళదా, కట్టినవాళ్ళదా?"

ఏం చెప్పమంటారు? ఆ చెరువు చేపలమ్మిన డబ్బుతోనే నాన్న నాకు రెండుపేటల గొలుసు చేయించి పెళ్ళి చేశారు.

"కొల్లేరు ఎక్కడని కదూ అడిగావు? ఇదిగో, కాస్త నా మెడలో ఉంది" అన్నాను.

వాడు నవ్వలేదు. వదినగారు మాత్రం నా మెడ వంక పరీక్షగా చూసి, "ఎన్ని కాసులూ?" అన్నారు.