గడ్డిపోచే... గట్టి కాపలా!

ఘాట్‌రోడ్డు ఎక్కే బస్సులో అందరి చూపూ లోయ వైపే. రెండోవైపు, రోడ్డు కోసం నిలువునా కోసిన కొండను పట్టించుకునేవాళ్లు తక్కువ. కానీ ప్రయాణం క్షేమంగా సాగాలంటే నిలవాల్సింది ఆ గట్టే. అది పచ్చగా ఉంటే సరే. ఎర్రగా, బోడిగా ఉందంటే... పెద్దవాన కోసం కాచుక్కూర్చున్నట్టే!

చినుకు చిన్నదే. బోడినేల మీద పడితే మాత్రం మట్టిరేణువుల్ని ఎగరగొడుతుంది. వాటిని మోసుకుంటూ నీళ్లు కిందికి పరిగెడతాయి. ముందు సన్నటి గీతలు పడతాయి. అవే కాలవలవుతాయి. ఒకనాటికి గట్టే జారి రోడ్డు మీదికొస్తుంది. అక్కడే గడ్డి ఉంటే? చినుకు దెబ్బను ఆకులు కాస్తాయి, నీటి పరుగుకు కాడలు అడ్డుపడతాయి, వేళ్లు మట్టిని బిగించి పట్టుకుంటాయి.

ఈ పనిలో ఆరితేరింది మన వట్టివేరు. వేసవిలో తడికెలు కట్టి నీళ్లు చల్లేదీ, మంచినీళ్ల కుండలో వేసేదీ దీని వేళ్లనే. కర్ణాటకలోని గుండ్లుపేట రైతులు తరతరాలుగా దీన్ని పొలం గట్ల మీద పెంచుతున్నారు. 1980ల్లో ప్రపంచబ్యాంకు నిపుణులు జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా దీని గొప్పదనాన్ని ఊరూరా చెప్పారు. 1990ల్లో థాయ్‌లాండ్ రాజు భూమిబల్ తన దేశమంతటా నాటించారు. అనుకూలమైన నేలలో ఈ వేళ్లు నిటారుగా 3 మీటర్ల లోతుకు దిగుతాయి. సాధారణ ఉక్కు బలంలో దాదాపు ఆరోవంతు వీటికి ఉందని 1990ల్లో మలేషియాలో జరిగిన పరీక్షల్లో తేలింది.

నాటడం తేలికే. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో వరసలు తీసి, 10-15 సెంటీమీటర్లకో పిలక చొప్పున తొలకరికి పెడితే చాలు. చిక్కంతా బతికించడంలోనే! కొండ కోస్తే బయటపడేది సారంలేని మట్టి. అందుకే తవ్వేటప్పుడే పైమట్టిని విడిగా దాచి, తిరిగి గట్టు మీద పరచాలి. వేళ్లు పట్టేదాకా కొబ్బరిపీచు వలో, జనపనార వలో కప్పాలి. కొన్నాళ్లకు అవి మట్టిలో కలిసిపోతాయి. అప్పటికి గడ్డి ఆ పని అందుకుంటుంది. చచ్చినచోట మళ్లీ నాటాలి. ఏపుగా పెరిగితే కత్తిరించాలి. వట్టివేరుకు నీడ గిట్టదు కాబట్టి చెట్లు కమ్ముకోకుండా చూడాలి. రోడ్డు గట్ల సంరక్షణపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచనల పుస్తకమే ఉంది. 2011లో దాన్ని సవరించారు కూడా. పుస్తకం ఉంటే సరిపోదు, రెండో వేసవిలోనూ నీళ్లు పట్టే మనిషి ఉండాలి!

అలాగని గడ్డి సర్వరోగనివారిణి కాదు. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్‌రోడ్డు మీద పెద్ద బండరాళ్లు పడ్డాయి. అలాంటి రాళ్లను ఏ గడ్డీ ఆపలేదు. అక్కడ ఇనుప వలలు, గోడలు, కొండలో చేరిన నీరు బయటికి పోయే దారులు కావాల్సిందే. గడ్డి కాసేది పైనున్న ఒకటి రెండు మీటర్ల మట్టినే. అయితే ఆ మట్టి కొట్టుకుపోయాకే లోపలి రాళ్లకు పట్టు తప్పుతుంది.

వాలు మీద పచ్చగా కనిపించే ప్రతిదీ పశువుల మేత కాదు, ఎండాకాలం తగలబెట్టాల్సిన చెత్త అంతకన్నా కాదు. సువాసన కోసమో, నాలుగు డబ్బుల కోసమో ఆ వేళ్లు పెకలిస్తే, వాటిని పట్టుకుని ఉన్న గట్టూ కదులుతుంది. ఇంట్లో వట్టివేరు వాడుకలోకి వచ్చేది తవ్వి తెచ్చాకే. రోడ్డు గట్టున మాత్రం, తవ్వకుండా వదిలేసినంతకాలమే అది పనిచేస్తుంది.