మొండిఘటం

వాడితే అరిగిపోయే వస్తువులు కొన్ని, వాడకపోతే పాడయ్యేవి కొన్ని. చెప్పుల జోడు మొదటి రకం. బావి రెండో రకం; కొన్నాళ్ళు చేద వేయకపోతే నీరు పాచి పడుతుంది. పట్టుచీరను అప్పుడప్పుడూ తీసి మడత మార్చి పెట్టకపోతే మడత వెంబడే చిరుగుతుంది. నేర్చుకున్న రాగం, కంఠస్థం చేసిన శ్లోకం, చిన్ననాటి స్నేహం కూడా ఈ రెండో జాబితాలోనివే. దానికి నేను మరొకటి చేరుస్తాను: నెలకొకసారికి మించి గేటు దాటని కారులోని బ్యాటరీ.

ఇటువంటి కార్లు మన ఊళ్ళలో ఎన్ని ఉన్నాయో మీరూ గమనించే ఉంటారు. అపార్టుమెంటు సెల్లారులో స్తంభానికీ గోడకూ మధ్య, కవరు కప్పుకుని, ఆ కవరు మీద పిల్లి పాదాల గుర్తులతో నిలబడి ఉంటాయి. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. ఇంటి పెద్దాయన కంటిచూపు మందగించి, బండి నడపడం తనంతట తానే మానుకుని ఉంటారు. "అవసరానికి పడి ఉంటుందిలే" అన్న ఒక్క మాట మీద ఆ కారు ఆగి ఉంటుంది. తీరా అవసరం పడిన రాత్రి అది కదలదు. 2020లో మార్చి 25 నుంచి దేశమంతా తలుపులు మూసుకుని కూర్చున్నప్పుడు, రోజూ తిరిగే కార్లకు కూడా ఈ అనుభవం దక్కింది.

బ్యాటరీని తెలుగులో ఏమనాలన్న చర్చలోకి దిగే ఉద్దేశం నాకు లేదు. కానీ మా తెలుగు మాధ్యమపు పాఠ్యపుస్తకంలో 'సెల్'ను ఘటం అనేవారు. నాన్నగారు గుంటూరు జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై రెండేళ్ళు భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పారు గనుక మా ఇంట్లో టార్చిలైటులో కూడా ఘటాలే ఉండేవి. ఘటమంటే కుండ, వేదాంతులకు దేహం, ఎవరి మాటా వినని మనిషి మొండిఘటం. ఈ మూడర్థాలూ కారు బ్యాటరీకి సరిపోతాయని నాకు ఈమధ్యనే తోచింది.

కారు బ్యాటరీ అంటే ఆరు ఘటాలను వరుసగా కలిపిన పెట్టె. ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు. నిండుగా ఉన్నప్పుడు మొత్తం 12.6 దాటుతుంది. ఒక పలక సీసం, మరొకటి సీసపు డయాక్సైడు, మధ్య నీళ్ళు కలిపిన గంధకామ్లం. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చేసిన ఏర్పాటు ఇది. ఎన్నో మెరుగులు దిద్దుకున్నా, మూలసూత్రం మాత్రం అప్పటిదే. మొండిఘటం కాక మరేమిటి?

విద్యుత్తును తోడుకుంటున్న కొద్దీ రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. మళ్ళీ ఛార్జి చేస్తే ఆ పొర కరిగి మునుపటి పదార్థాలుగా మారుతుంది. అయితే ఆ కరగడం పొర తాజాగా ఉన్నంతకాలమే. వారాల తరబడి అలాగే వదిలేస్తే పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి పలకలను కప్పేస్తుంది. ఆ తరువాత ఎంత ఛార్జి పెట్టినా పూర్వపు సత్తువ రాదు. ఖాళీ అయిన బ్యాటరీని వెంటనే నింపితే కోలుకుంటుంది. ఖాళీగా పడి ఉన్నదే చచ్చిపోతుంది. పైగా వేడికి ఈ క్షీణత త్వరపడుతుంది. గుంటూరు మే నెల సంగతి వేరే చెప్పాలా?

ఇంత రసాయనశాస్త్రం ఎందుకు చెబుతున్నానంటే, 2022 వానాకాలంలో ఒక రాత్రి రెండు గంటలకు అమ్మకు ఊపిరి అందలేదు. పై అంతస్తులో ఉండే కుర్రవాడు, "ఆపద వస్తే ఏ వేళనైనా పిలవండి మాస్టారూ, బండి నేను నడుపుతాను" అని మాట ఇచ్చినవాడు, లుంగీ మీదనే దిగి వచ్చాడు. తాళం తిప్పితే టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఇంజను కదలలేదు. అతడు పరుగెత్తి పక్క బ్లాకులో మరొకరిని లేపి, వారి కారులో అమ్మను ఆసుపత్రికి చేర్చాడు. పోయినది ఇరవై నిమిషాలు. నాలుగు రోజులకు అమ్మ ఇంటికి వచ్చింది.

అక్క ఫోనులో ఒకటే మాట: "ఆ కారు అమ్మేయండి నాన్నా, పిలిస్తే క్యాబు వస్తుంది." నాన్నగారు ఔననలేదు, కాదనలేదు. ఆయన బాధ వేరు. "ప్రతి ఆదివారం పది నిమిషాలు ఇంజను తిప్పుతూనే ఉన్నాను కదరా. లెక్క ఎక్కడ తప్పింది?" అని నన్ను అడిగారు. ఆ ముందు ఆదివారం కూడా, మూలుగుతూనే అయినా, బండి అందుకున్నదట.

నేను గుంటూరు వెళ్ళేసరికి మెకానిక్కు వచ్చి పాత బ్యాటరీ తీసి కొత్తది వేసి ఉన్నాడు. మేమిద్దరం ఒక మల్టీమీటరు పట్టుకుని సెల్లారులోకి దిగాం. బ్యాటరీ మైనస్సు తీగను పానాతో విప్పి, తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును కలిపాం. తలుపులన్నీ వేసి, కారులోని ఎలక్ట్రానిక్ సరంజామా నిద్రపోయేదాకా అరగంట ఆగాం. అప్పుడు కూడా మీటరు సున్నా చూపలేదు. 40 మిల్లీ ఆంపియర్లు చూపింది.

"తాళం జేబులో ఉంటే, ఇది తాగుతున్నదెవరు?" అన్నారు నాన్నగారు. చెప్పాను. రిమోటు తాళం పిలుపు కోసం చెవి ఒగ్గి ఉన్న యంత్రం ఒకటి, దొంగల కోసం కాచుకున్న అలారం ఒకటి, గడియారం, రేడియో జ్ఞాపకశక్తి, ఇంజను కంప్యూటరు. కవరు కింద కారు పడుకున్నట్టే కనిపిస్తుంది గానీ, ఒక కన్ను తెరుచుకునే ఉంటుంది.

ఆయన జేబు డైరీ తీసి లెక్క కట్టారు. 40 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు దాదాపు ఒక ఆంపియర్-అవర్. వారానికి ఏడు. బ్యాటరీ మీద వ్రాసినది 35. ఇక జమ వైపు: ఆదివారం పది నిమిషాలు నిలబెట్టి తిప్పితే, ఇంజను తన అవసరాలకు పోను బ్యాటరీకి ఇచ్చేది మహా అయితే ఒక ఆంపియర్-అవర్. ఏడు ఖర్చు, ఒకటి జమ. అంతకుముందు నెలకోసారైనా పెళ్ళికో పేరంటానికో కారు ఊరు దాటేది కాబట్టి లోటు పూడేది. ఆ వానాకాలంలో ఆ ప్రయాణాలు లేవు.

నాన్నగారు డైరీ మూయలేదు. కింద ఇంకొక లెక్క వేశారు. 1989లో ఆయన మొదటిసారి కొన్న పాత కారులో రిమోటు లేదు, అలారం లేదు, కంప్యూటరు లేదు. తాళం తీస్తే అన్నీ ఆగిపోయేవి. బ్యాటరీ తనంతట తాను కోల్పోయేది నెలకు నూటికి ఐదు పాళ్ళనుకున్నా, వారానికి అర ఆంపియర్-అవర్ లోపే. పది నిమిషాల ఆదివారపు పూజ ఆ కారుకు చాలు. "ఆ కారుకు నా లెక్క సరిగ్గానే ఉందిరా," అన్నారు. నిజమే. ఆయన పద్ధతి అలాగే ఉండగా, బండి మారింది. పెద్దవాళ్ళ అలవాట్లను చాదస్తమని కొట్టిపారేసే ముందు, అవి ఏ బండికి కట్టిన లెక్కలో ఒకసారి చూడాలనిపించింది.

మార్గాలు మూడు. మొదటిది, మైనస్సు తీగ విప్పి ఉంచడం. పైసా ఖర్చు లేదు. విప్పేటప్పుడు మైనస్సు ముందు, బిగించేటప్పుడు మైనస్సు చివర. కారు ఇనుమంతా మైనస్సుతో కలిసి ఉంటుంది గనుక, ప్లస్సు ముందు విప్పబోతే పానా ఇనుముకు తగిలి నిప్పులు కురుస్తాయి. కానీ రాత్రి రెండింటికి పానా వెతుక్కోవలసి వచ్చే కారు మా అవసరానికి పనికిరాదు. రెండవది సౌరఫలకం, సూర్యుడు మా సెల్లారుకు ఏనాడూ వచ్చిన దాఖలా లేదు. మూడవది, ఎప్పుడూ తగిలించి ఉంచగల చిన్న ఛార్జరు. మొదట 14.4 వోల్టుల దాకా తీసుకెళ్ళి నింపుతుంది, నిండాక 13.5 ప్రాంతానికి తగ్గి, కారినంత మేరకే పోస్తూ ఉంటుంది. మామూలు ఛార్జరును ఇలా రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీలోని నీరు మరిగించి పారేస్తుంది. ఈ రకానికి ఆ తెలివి ఉంది. నెలకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు. అపార్టుమెంటు సంఘం వారితో మాట్లాడి, మా మీటరు నుంచే స్తంభానికి ఒక ప్లగ్గు పెట్టించాను. ఛార్జరు మీద పచ్చదీపం వెలిగింది. సమస్య తీరిందనే అనుకున్నాను.

నాన్నగారు ఆ పచ్చదీపాన్ని కాసేపు చూసి, "అయితే ఆదివారాలు ఇక నేను కిందికి దిగనక్కర్లేదన్నమాట," అన్నారు.

నాకు జవాబు తోచలేదు. ఆదివారం ఉదయం ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళాలు తీసుకుని దిగేవారని అమ్మ చెప్పేది. పది నిమిషాలు స్టీరింగు ముందు కూర్చునేవారట, రెండు చేతులూ దాని మీద ఉంచి. చెయ్యి మానేసిన పనికీ తనకూ మధ్య ఆయన ఉంచుకున్నది ఆ పది నిమిషాలే. నా ఛార్జరు ఆ పనిని ఆయనకంటే బాగా చేస్తుంది. అదే చిక్కు.

మర్నాడు కాఫీ దగ్గర ఆయనే మొదలుపెట్టారు, తరగతిలో చెప్పినట్టు. "నీ యంత్రం బ్యాటరీని కాపాడుతుంది, కారును కాదు. నిలబడ్డచోటే ఉంటే టైర్లు ఒకవైపే అణిగిపోతాయి. బ్రేకు పళ్ళేలకు తుప్పు పడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే సైలెన్సరులో నీరు నిలుస్తుంది. నా పది నిమిషాలు దానికి చాలవు, నీ దీపమూ చాలదు. సెల్లారులో ఇంజను తిప్పితే ఆ పొగ పీల్చేది మనమే, అదొకటి. కాబట్టి బండి రోడ్డు మీదికి వెళ్ళాలి. అరగంటకు తక్కువ కాకుండా." నాకు కాదనడానికి ఒక్క వాక్యం కూడా దొరకలేదు.

ఇప్పుడు ఏర్పాటు ఇది. ఆరు రోజులు ఛార్జరు. ఆదివారం ఉదయం పై అంతస్తు కుర్రవాడు నడుపుతాడు, నాన్నగారు పక్కసీటులో కూర్చుంటారు. మంగళగిరి దాకా వెళ్ళి వస్తారు. గేరు ఎప్పుడు మార్చాలో, లారీకి ఎంత ఎడం ఇవ్వాలో ఉచితంగా పాఠాలు ఉంటాయని ఆ కుర్రవాడు నవ్వుతూ చెప్పాడు. బయలుదేరే ముందు నాన్నగారు ఛార్జరు విప్పి, కాసేపు ఆగి, మీటరు పెట్టి చూసి డైరీలో తేదీ, వోల్టులు వ్రాస్తారు. 12.4కు దిగితే నాకు ఫోను చేస్తానన్నారు. నాలుగింట మూడు వంతులే మిగిలిందని దాని అర్థం. ఇంతవరకు ఆ ఫోను రాలేదు.

అక్క ఇంకా కారు అమ్మమనే అంటుంది. దాని వాదనలోనూ న్యాయం ఉంది. ఖర్చులన్నీ లెక్కవేస్తే క్యాబే చవక. నాన్నగారు ఆ లెక్క మాత్రం వేయరు.

అమ్మ మంగళగిరికి ఒకసారి వెళ్ళి వచ్చింది. పానకాలస్వామి దర్శనమైనదట గానీ, దారి పొడుగునా వీరిద్దరూ వోల్టుల గురించే మాట్లాడుకున్నారట. "ఆ ఘటానికి చేసే సేవలో సగం ఈ ఘటానికి చేస్తే చాలు," అని నాతో ఫోనులో అన్నది. వెనకనుంచి నాన్నగారి గొంతు వినిపించింది: "నీ మాత్రలు వేసుకునే వేళయింది, అది కూడా డైరీలోనే ఉంది."