తాళాలు వద్దు

మా పెద్దమ్మ కూతురికి ఫిట్స్ వస్తాయి. రాయొచ్చా అని ముందు అక్కనే అడిగాను. "పేరు రాయకు, ఊరు రాసుకో" అంది. ఊరు శృంగవరపుకోట.

మా ఇళ్ళలో ఆ మాట పైకి అనరు. "నీరసం" అంటారు. పెళ్ళి సంబంధాల భయం. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డుగా ఉన్న మూర్ఛ అనే మాటని 1999లోనే తీసేశారు. మా వీధికి ఆ కబురు ఇంకా అందలేదు.

అక్కకి వైజాగ్‌లో కోచింగ్‌కి వెళ్ళాలని ఉంది. "దారిలో పడిపోతే ఎవరు చూస్తారే?" అంటుంది పెద్దమ్మ. ఎవరో ఒకరు తోడుండాలి. బాత్రూమ్ గడియ కూడా వేసుకోనివ్వరు.

ఫిట్స్ ఉన్నవాళ్ళకి తోడుండే కుక్కల గురించి నేను చదివింది అందుకే. వీటిలో రెండు రకాలు. ఫిట్స్ వచ్చాక పనిచేసేవి ఒక రకం: మొరిగి మనుషుల్ని పిలుస్తాయి, అలారం బటన్ నొక్కుతాయి, లేచేదాకా పక్కనే ఉంటాయి. ఇవి నేర్పితే వస్తాయి. రాబోతోందని ముందే చెప్పేవి రెండో రకం. అందరూ వీడియోలు షేర్ చేసేది వీటినే, కానీ గట్టిగా నమ్మలేనిది కూడా ఇదే. 2019లో ఫ్రాన్స్‌లోని రెన్ యూనివర్సిటీ వాళ్ళు ఐదు కుక్కలకి రోగుల చెమట, ఊపిరి వాసన చూపించారు. ఫిట్స్ టైమ్‌లో తీసిన శాంపిల్‌ని మూడు కుక్కలు ప్రతిసారీ పట్టేశాయి, మిగతా రెండు మూడింట రెండుసార్లు. ఫిట్స్‌కి ఒక వాసన ఉందని తేలింది, అంతే. ముందే వస్తుందా అన్నది వేరే ప్రశ్న. మన భాషలో చెప్పాలంటే ల్యాబ్‌లో టెస్ట్ కేసులు పాసయ్యాయి, ప్రొడక్షన్ సంగతి వేరు.

మా ఇంటి కుక్కైతే అక్కకి ఫిట్స్ రాగానే మంచం కిందకి దూరిపోతుంది. పోనీ మంచి కుక్కే దొరికిందనుకోండి, దాన్ని వైజాగ్ బస్సెక్కిస్తే కండక్టర్ ఏమంటాడు? కాంప్లెక్స్ దగ్గర వీధికుక్కలు ఊరుకుంటాయా?

ఇదంతా చెప్తే అక్క నవ్వింది. "నాకు నచ్చింది వాసన కాదురా. కుక్క చుట్టూ జనాన్ని పోగెయ్యదు, చేతిలో తాళాలు కుక్కదు, తర్వాత ఊరంతా చెప్పదు."

నిజమే. మొదటి రకం కుక్క చేసే పనుల్లో మనిషికి చేతకానిది ఒక్కటీ లేదు. కాకపోతే దానికి నెలల తరబడి నేర్పుతారు. మనకి ఎవరూ నేర్పలేదు, తాళాలు మాత్రం జేబులో రెడీగా ఉంటాయి.

ఇప్పుడు అక్క బ్యాగ్‌లో ఒక చీటీ ఉంది. నేనే టైప్ చేశాను: "నాకు ఫిట్స్ వస్తాయి. తాళాలు వద్దు. నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. టైమ్ చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి చెయ్యండి. లేచేదాకా ఒక్కరు ఉండండి చాలు."

పెద్దమ్మ ఇంకా ఒప్పుకోలేదు. చీటీ మాత్రం రెండుసార్లు చదివింది.